నీలి తిమింగలాల దారిలో మన చమురు ఓడలు

సూయజ్ కాలువ నుంచి మలక్కా జలసంధికి వెళ్లే పెద్ద ఓడలన్నీ శ్రీలంక దక్షిణ కొసను చుట్టి పోవాల్సిందే. భారత్‌కూ శ్రీలంకకూ నడుమ రామసేతు దగ్గర నీళ్లు మరీ లోతు తక్కువ, అక్కడ పెద్ద ఓడ దూరదు. అందుకే రోజుకు వంద పైచిలుకు ఓడలు దోంద్రా అగ్రం ముందు నుంచి ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటాయి. భూమ్మీద ఇంతవరకు పుట్టిన జంతువుల్లో అన్నిటికన్నా పెద్దదైన నీలి తిమింగలం మేత కోసం తిరిగేది కూడా సరిగ్గా ఆ నీళ్లలోనే.

నీలి తిమింగలానికి ముప్పులు చాలానే ఉన్నాయి. సముద్రం వేడెక్కుతోంది, మేత తగ్గుతోంది, ఓడల హోరు పెరుగుతోంది, ప్లాస్టిక్ నోట్లోకి పోతోంది. వీటిలో చాలావాటికి విరుగుడు దొరకాలంటే దశాబ్దాలు పడుతుంది, ప్రపంచమంతా కదలాలి. దోంద్రా దగ్గర ఓడలు ఢీకొట్టడం అలాంటిది కాదు. సముద్ర పటం మీద ఓడల దారిని 15 నాటికల్ మైళ్లు (సుమారు 28 కిలోమీటర్లు) కిందికి, అంటే దక్షిణానికి జరిపితే ఆ ముప్పు దాదాపుగా పోతుంది. జరపాల్సింది శ్రీలంక ప్రభుత్వం. అయితే ఆ దారిలో విశాఖ, పారాదీప్‌లకు వచ్చే చమురు ఓడలూ తిరుగుతున్నాయి కనుక ఇందులో మన వంతు కూడా ఉంది. ఆ వంతు గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు.

ఇక్కడివి వేరే తెగ

నీలి తిమింగలం అనగానే మంచుకొండల మధ్య ఈదే బొమ్మ గుర్తొస్తుంది. అది అంటార్కిటిక్ రకం, 30 మీటర్ల దాకా పెరుగుతుంది. మన సముద్రాల్లోది చిన్నది, సాధారణంగా 20 నుంచి 24 మీటర్లు. దీన్ని ఇండికా అనే ఉపజాతిగా లెక్కిస్తారు. మిగతా నీలి తిమింగలాలు ఎండాకాలంలో ధ్రువాల వైపు పోయి కడుపు నిండా మేసి, చలికాలంలో వెచ్చటి నీళ్లకు దిగి పిల్లల్ని కంటాయి. ఇక్కడివాటికి ఉత్తరాన ధ్రువ సముద్రమే లేదు, ఆసియా ఖండం అడ్డంగా నిలబడి ఉంది. అందుకని అవి ఏడాదంతా ఉష్ణమండల జలాల్లోనే ఉండిపోతాయి. శ్రీలంక సముద్ర శాస్త్రవేత్త ఆశా డి వోస్ ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నది ఇదే.

మేత విషయంలోనూ వీటి దారి వేరు. దక్షిణ శ్రీలంక దగ్గర ఇవి ముఖ్యంగా తినేది సెర్జెస్టిడ్ అనే చిన్న రొయ్య జాతిని. మిగతా చోట్ల నీలి తిమింగలాలకు ముఖ్య మేతైన క్రిల్ (రొయ్యలాంటి చిన్న జీవి) ఇక్కడ రెండో స్థానంలోకి పోతుంది. ఆ రొయ్యలు అక్కడ చేరడానికి కారణం సముద్రపు అడుగు. ఆ తీరంలో లోతు తక్కువ ఉన్న మెట్టు చాలా ఇరుకు, కొద్ది మైళ్లు దాటగానే వందల మీటర్ల లోతుకు పడిపోతుంది. రుతుపవన ప్రవాహాలు ఆ అంచును ఒరుసుకుంటూ పోయినప్పుడు అడుగునున్న పోషకాలు పైకి లేస్తాయి, మేత అక్కడే పోగవుతుంది. పెద్ద ఓడకు కావలసింది కూడా తీరానికి దగ్గరగా దొరికే లోతే. దారి దగ్గరవుతుందని ఓడ, మేత ఉందని తిమింగలం ఒకే చోటికి వస్తున్నాయి.

మన జలాల్లోనూ వీటి జాడ ఉంది. 2018 చివరి నుంచి 2020 మొదటి దాకా లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర నీటి అడుగున హైడ్రోఫోన్లు (నీటిలో చప్పుడు పట్టే మైకులు) పెట్టి దివ్య పణికర్, కాథ్లీన్ స్టాఫర్డ్ వీటి పాటను రికార్డు చేశారు. భారత జలాల్లో నీలి తిమింగలం పాట రికార్డు కావడం అదే మొదటిసారి. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా వినిపించింది. అది శ్రీలంక దగ్గర వినిపించే పాటే. ఒమన్ తీరంలో మరో రకం పాట ఉందని 2020లో వేరే బృందం బయటపెట్టింది. తెగ తెగకూ పాట మారుతుంది కాబట్టి, అరేబియా సముద్రం పడమట ఇంకో గుంపు ఉందన్నమాట. ‘హిందూ మహాసముద్రంలో ఇన్ని నీలి తిమింగలాలు’ అని మొత్తంగా లెక్క చెప్పి ఊరుకోవడం ఎందుకు ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది. గుంపులు వేర్వేరైనప్పుడు ఒక గుంపు తరిగిపోతే ఇంకొకటి వచ్చి ఆ ఖాళీ నింపదు.

వేట మిగిల్చిన అప్పు

20వ శతాబ్దంలో ఒక్క దక్షిణార్ధ గోళంలోనే సుమారు 3.6 లక్షల నీలి తిమింగలాలను చంపారు. 1930-31 సీజన్‌లోనే దాదాపు 29 వేలు. అంటార్కిటిక్ నీలి తిమింగలాలు వేటకు ముందు 2.39 లక్షలు ఉండేవని, 1973 నాటికి 360 దాకా పడిపోయాయని అంచనా. అప్పట్లో వేట కోటాను ‘నీలి తిమింగల యూనిట్’ అనే కొలమానంలో పంచేవారు. ఒక నీలి తిమింగలమంటే రెండు ఫిన్ తిమింగలాలు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయ్ తిమింగలాలు. నూనె ఎంత వస్తుందన్నదే ఆ లెక్కకు ఆధారం. ఒకే వేటలో ఎక్కువ నూనె ఇచ్చేది నీలి తిమింగలం కాబట్టి అది ఎంత అరుదైపోయినా, కనిపిస్తే ముందు దాని మీదికే వెళ్లేవారు. ఒక్కో జాతికి విడిగా హద్దు పెట్టని కోటా ఆ జాతుల్ని వరసగా తుడిచిపెట్టింది.

అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1966లో దక్షిణార్ధ గోళంలో నీలి తిమింగలాలకు రక్షణ ఇచ్చింది. ఆ కాలంలోనే నాలుగు సీజన్లలో, 1963 నుంచి 1966 వరకు, సోవియట్ ఫ్యాక్టరీ ఓడలు (వేటాడిన తిమింగలాన్ని సముద్రం మీదే కోసే ఓడలు) మన పక్కనే అరేబియా సముద్రంలో 1,294 నీలి తిమింగలాలను చంపేశాయి. ఆ అసలు లెక్కలు బయటికి వచ్చింది సోవియట్ యూనియన్ పోయిన తరవాతే. చిన్న తెగకు అది మామూలు దెబ్బ కాదు. ఆడ తిమింగలం ఈనాలంటే పదేళ్ల దాకా పడుతుంది. కడుపుతో ఉండేది 10 నుంచి 12 నెలలు. ఈతకు ఒకే పిల్ల, అదీ రెండు మూడేళ్లకోసారి. ఈడొచ్చిన ఆడది ఒకటి చస్తే, దాని మిగతా జీవితంలో పుట్టాల్సిన పది పదిహేను పిల్లలు కూడా లెక్కలోంచి పోయినట్టే. ఆ కాలపు నష్టం తీరకముందే ఓడల దెబ్బ మొదలైంది.

1979లో సీషెల్స్ చొరవతో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. మంచి నిర్ణయం. కానీ ఆ అభయం వాణిజ్య వేట నుంచి మాత్రమే. ఓడ ముక్కు తగిలి చచ్చే తిమింగలం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మిగతా ముప్పుల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం లెక్క ప్రకారం, పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, రొయ్యల మేతకు మూలం) కొన్ని చోట్ల 20 శాతం దాకా తగ్గాయి. పైనీరు వేడెక్కితే అడుగునున్న చల్లటి నీటితో కలవదు, పోషకాలు పైకి రావు, రొయ్య తగ్గుతుంది, తిమింగలానికి మేత తగ్గుతుంది. ఉత్తర పసిఫిక్‌లో ఒక్కో నీలి తిమింగలం మేత రోజుల్లో రోజుకు 16 టన్నుల దాకా తింటుందని 2021లో లెక్కగట్టారు. అంత ఆకలి ఉన్న జీవికి మేత పలచబడటమంటే ఎంత దెబ్బో చెప్పనక్కర్లేదు. ఓడల హోరు సంగతీ అంతే. తిమింగలం పిలుపులూ పెద్ద ఓడల చప్పుడూ వంద హెర్ట్జ్‌ల లోపే ఉంటాయి కాబట్టి చప్పుడు పెరిగిన కొద్దీ పిలుపు వినిపించే దూరం కుంచించుకుపోతుంది. దారి జరిపితే దోంద్రా దగ్గర ఈ చప్పుడూ కొంత దూరం జరుగుతుంది. అది అదనంగా వచ్చే లాభం.

ఓడ వస్తుంటే తిమింగలం ఎందుకు తప్పుకోదు

చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. అంత పెద్ద జంతువుకు అంత పెద్ద ఓడ చప్పుడు వినబడదా అని. ఓడలో ఎక్కువ చప్పుడు చేసేది వెనకనుండే ప్రొపెల్లర్, ఇంజిను. మూడు వందల మీటర్ల పొడవున్న ఓడకు ముక్కు దగ్గర నిలబడితే ఆ చప్పుడుకు ఓడ ఒళ్లే అడ్డం. సరిగ్గా ముందున్న జంతువుకు పక్కనున్న జంతువు కన్నా తక్కువ వినిపిస్తుంది. ప్రమాదం ఎక్కువ ఉన్న చోటే హెచ్చరిక తక్కువన్నమాట.

వినబడినా లాభం తక్కువే. కాలిఫోర్నియా దగ్గర నీలి తిమింగలాల వీపుకు పరికరాలు అంటించి, ఓడలు దగ్గరగా వచ్చినప్పుడు అవి ఏం చేస్తాయో చూశారు. పక్కకు ఈది తప్పుకున్నవి కనిపించలేదు. కొన్ని నెమ్మదిగా, లోతు లేకుండా కిందికి దిగాయి, అంతే. నిండు సరుకున్న ఓడ అడుగు నీటి మట్టానికి 12 నుంచి 15 మీటర్ల కింద ఉంటుంది. దానికి పైనున్న నీటిపొర మొత్తం దెబ్బ తగిలే చోటే. పైగా ప్రొపెల్లర్ తన చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాగుతుంది. లక్షల ఏళ్లుగా ఈ జంతువును వెంటాడినది ఓర్కా, అంటే కిల్లర్ వేల్. దాని నుంచి తప్పుకోవడానికి వేగం, పొడవు చాలాయి. 20 నాట్ల వేగంతో (గంటకు 20 నాటికల్ మైళ్లు) వచ్చే ఇనుప గోడకు ఆ అలవాట్లు పనికిరావు.

రాత్రిళ్లు ఇంకా కష్టం. మేత పగలు లోతుకు దిగుతుంది, రాత్రి పైకి చెదురుతుంది. తిమింగలం పగలు లోతుకు మునిగి మేసి, రాత్రి ఎక్కువసేపు నీటి పైపొరలోనే గడుపుతుంది. ఓడను నడిపే గదిలో ఎంత మంచి కాపలాదారు ఉన్నా చీకట్లో నీటి మీద తేలీ తేలని వీపును పట్టలేడు. పగలు కనిపెట్టినా, పెద్ద కంటైనర్ ఓడ చుక్కాని తిప్పిన తరవాత పక్కకు జరగడానికే చాలా దూరం పోతుంది. అందుకే ‘కాపలా పెంచండి’ అనే సలహాను నేను నమ్మను. అది చిన్న పడవలకు సరిపోయే మాట.

వేగం మాత్రం తేడా చూపిస్తుంది. 2007లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, ఓడ 8.6 నాట్లతో తగిలితే పెద్ద తిమింగలం చచ్చే అవకాశం సుమారు 20 శాతం. 15 నాట్లకు అది 80 శాతం. చాలా దేశాలు తిమింగలాలుండే చోట 10 నాట్ల హద్దు అడగడం ఈ లెక్క వల్లే.

ఎన్ని చస్తున్నాయన్నది లెక్కకు దొరకదు. 2012 మార్చిలో కొలంబో రేవుకు వచ్చిన ఒక కంటైనర్ ఓడ ముక్కుకు నీలి తిమింగలం శవం చుట్టుకుని కనిపించింది. రేవుకు చేరేదాకా ఓడలో ఎవరికీ తెలియలేదు. వేల టన్నుల బరువున్న ఓడకు ఆ దెబ్బ కుదుపుగా కూడా తగలదు. అలా ముక్కుకు చిక్కితేనే మన కంటబడుతుంది. మిగతావి మునిగిపోతాయి. లోతు తక్కువ చోట కుళ్లు వాయువు పట్టి శవం మళ్లీ తేలవచ్చు. వెయ్యి మీటర్ల అడుగున నీటి ఒత్తిడికి ఆ వాయువు ఉబ్బలేదు, శవం అక్కడే ఉండిపోతుంది. దోంద్రా దగ్గరున్నది అలాంటి లోతే. అమెరికా పశ్చిమ తీరంలో ఏటా జులై నుంచి డిసెంబరు దాకా 18 నీలి తిమింగలాలు ఓడల వల్ల చస్తుండవచ్చని 2017లో అంచనా వేశారు. ఒడ్డుకు కొట్టుకొచ్చి లెక్కకెక్కేవి దానిలో చాలా చిన్న భాగం.

గీత జరిపితే ఏమవుతుంది

దోంద్రా ముందు ఇప్పుడున్నది ‘ట్రాఫిక్ సెపరేషన్ స్కీమ్’. రహదారి మీద డివైడర్ లాంటి ఏర్పాటు. పడమరకు పోయే ఓడలకు ఉత్తరం వైపు వరస, తూర్పుకు పోయే ఓడలకు దక్షిణం వరస, నడుమ ఖాళీ. తిమింగలాలు ఎక్కడెక్కడ ఎంత చిక్కగా ఉన్నాయో పడవల్లో సర్వే చేసి, ఓడల జాడలతో పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. రుహుణ విశ్వవిద్యాలయం వాళ్లూ అందులో ఉన్నారు. తిమింగలాలు అన్నిటికన్నా చిక్కగా ఉన్నది ఓడల వరసల్లో, వాటి చుట్టుపక్కలే. దక్షిణానికి పోయిన కొద్దీ వేగంగా పలచబడ్డాయి. 15 నాటికల్ మైళ్లు దక్షిణంగా దారి జరిపితే ఢీకొనే ముప్పు 95 శాతం తగ్గుతుందని లెక్క తేలింది.

ఇంత పదునైన తేడా ప్రతిచోటా దొరకదు. కాలిఫోర్నియాలో తిమింగలాలు విశాలంగా చెదిరి ఉంటాయి. 2013లో శాంటా బార్బరా చానెల్ దగ్గర వరసను కొద్దిగా జరిపినా సమస్య తీరలేదు, వేగం తగ్గించమని ఓడలను బతిమాలాల్సి వస్తోంది. కెనడాలోని బే ఆఫ్ ఫండీలో 2003లో, బోస్టన్ దగ్గర 2007లో రైట్ తిమింగలాల కోసం వరసలు జరిపారు. పనామా దగ్గర 2014 చివర్లో కొత్త వరసలు వచ్చాయి. ఎక్కడ తిమింగలాల గుంపుకు స్పష్టమైన అంచు ఉంటుందో అక్కడ దారి జరపడం మేలు. అంచు లేనిచోట వేగం తగ్గించడం మేలు. దోంద్రా మొదటి రకం. ఓడలను ఇక్కడ 10 నాట్లకు దింపితే రోజూ వందల గంటలు పోతాయి, ఎవరూ ఒప్పుకోరు. పక్కకు జరిపితే పోయేది ఎంతో ఎవరైనా పటం ముందేసుకుని లెక్క వేసుకోవచ్చు.

సుమత్రా ఉత్తర కొస నుంచి దోంద్రా, అక్కడి నుంచి మినికాయ్ కింది చానెల్ దాకా గీత గీసి, నడుమ మలుపును 15 మైళ్లు కిందికి లాగండి. మొత్తం దూరం పెరిగేది నాలుగైదు నాటికల్ మైళ్లే. 15 నాట్లతో పోయే ఓడకు ఇరవై నిమిషాలు. సూయజ్ దాకా పోయే ప్రయాణంలో అది లెక్కలోకే రాదు. బంగాళాఖాతం నుంచి వచ్చి దోంద్రా చుట్టి పోయే ఓడకు మలుపు బిగువు ఎక్కువ కాబట్టి పది నుంచి పదిహేను మైళ్లు పెరుగుతాయి, గంట అటూ ఇటూ.

ఎంఎస్‌సీ అనే పెద్ద కంటైనర్ సంస్థ 2022 మధ్యలో ఈ పని తనంతట తానే చేసి చూపించింది. పడమరకు పోయే తన ఓడలను ఉత్తర అక్షాంశం 5 డిగ్రీల 30 నిమిషాల నుంచి 35 నిమిషాల మధ్య, తూర్పుకు పోయేవాటిని 5 డిగ్రీల 24 నుంచి 29 నిమిషాల మధ్య నడపమంది. అక్షాంశంలో ఒక నిమిషమంటే ఒక నాటికల్ మైలు. దోంద్రా అగ్రం సుమారు 5 డిగ్రీల 55 నిమిషాల దగ్గర ఉంది. అంటే ఆ ఓడలు తీరానికి 20 మైళ్లకు తగ్గకుండా, ఎదురెదురు రాకుండా పోతాయి. శ్రీలంక చుట్టూ తిరిగే తన చిన్న ఫీడర్ ఓడల (పెద్ద ఓడలకు సరుకు చేరవేసేవి) వేగాన్నీ ఆ సంస్థ 10 నాట్ల లోపుకు తగ్గించింది.

ఒకరిద్దరు చేస్తే చాలదా అంటే, చాలదు. కొన్ని ఓడలు పాత వరసలో, కొన్ని దానికి దక్షిణంగా పోతే ఓడల మీద ఓడలకే ముప్పు. ఢీకొనడాల నివారణకు ఉన్న 1972 అంతర్జాతీయ నిబంధనల్లో పదో నిబంధన ప్రకారం, వరసను వాడని ఓడ దాన్ని వీలైనంత దూరంగా తప్పుకుని పోవాలి. వరసను వాడకపోవడంలో తప్పేమీ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ అందరూ అలా పోవాలంటే దక్షిణాన కూడా అధికారికంగా రెండు వరసలు, నడుమ ఖాళీ ఉండాలి. దానికి శ్రీలంక అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ముందు ప్రతిపాదన పెట్టాలి. నౌకాయాన ఉపసంఘం చూస్తుంది, సముద్ర భద్రతా కమిటీ ఆమోదిస్తుంది, ఆ తరవాత కనీసం ఆరు నెలలకు అమల్లోకి వస్తుంది. ఎంఎస్‌సీ తన ఓడలను మళ్లించే నాటికి కూడా శ్రీలంక ఆ ప్రతిపాదన పెట్టలేదు. ఓడల కంపెనీల సంఘాలే దారి మార్చమని అడుగుతుంటే తీర దేశం తటపటాయించడం అరుదు.

శ్రీలంకకున్న జంకు అర్థం చేసుకోదగ్గదే. తీరానికి దగ్గరగా పోయే ఓడలకు గాల్ రేవు దగ్గర సామాను, ఇంధనం, సిబ్బంది మార్పిడి లాంటి సేవలు అమ్ముకోవచ్చు, దూరం జరిగితే ఆ బేరం పోతుందేమోనని భయం. కానీ ఆ సేవలు కావలసిన ఓడ ఎలాగూ వరస వదిలి లోపలికి వస్తుంది. నేరుగా పోయే ఓడ తీరానికి దగ్గరగా పోయినా పైసా ఇవ్వదు. రెండో వైపు చూస్తే, ఆ వరసల్లోనే చేపల పడవలూ, మిరిస్సా నుంచి తిమింగలాలను చూపించడానికి వెళ్లే పర్యాటక పడవలూ తిరుగుతున్నాయి. పెద్ద ఓడ దూరం జరిగితే ముందు భద్రత దొరికేది ఆ మనుషులకే. 2021లో కొలంబో దగ్గర తగలబడ్డ ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ నుంచి ఒలికిన ప్లాస్టిక్ గుళికలు ఆ దేశపు తీరాన్ని ఏం చేశాయో శ్రీలంకకు ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రమాదం జరిగితే తీరానికి మరో పదిహేను మైళ్ల ఎడం ఉండటం ఎంత విలువైనదో ఆ ఏడాదే తెలిసింది.

మన వంతు

2020 సెప్టెంబరులో శ్రీలంక తూర్పు తీరాన న్యూ డైమండ్ అనే ట్యాంకర్ మంటల్లో చిక్కుకుంది. కువైట్ నుంచి ఒడిశాలోని పారాదీప్‌కు 2.7 లక్షల టన్నుల ముడి చమురు మోసుకొస్తోంది. గల్ఫ్ నుంచి విశాఖ రిఫైనరీకి వచ్చే చమురుదీ అదే దారి. తూర్పు తీరపు రేవులకు పడమటి నుంచి ఏది రావాలన్నా, అటు ఏది పోవాలన్నా దోంద్రాను చుట్టాల్సిందే. నిండు ట్యాంకర్ వచ్చేటప్పుడు దక్షిణపు వరసలో వస్తుంది. ఖాళీ అయి తిరిగి పోయేటప్పుడు తీరానికి దగ్గరగా ఉన్న ఉత్తరపు వరసలో పోతుంది. పోనూ రానూ రెండుసార్లూ తిమింగలాల మేత బీడు మీదుగానే.

శ్రీలంక నిర్ణయం కోసం భారత్ ఎదురుచూడాల్సిన పని లేదు. నౌకాయానాన్ని చూసే కేంద్ర విభాగం డీజీ షిప్పింగ్ ఒక సర్క్యులర్ ఇస్తే భారత జెండా ఓడలు దక్షిణపు దారి పట్టవచ్చు. ప్రభుత్వ చమురు కంపెనీలు అద్దెకు తీసుకునే విదేశీ ట్యాంకర్లకు ప్రయాణ ఆదేశాల్లో ఒక వాక్యం చేర్చవచ్చు: దోంద్రా దగ్గర పడమరకు 5 డిగ్రీల 30–35 నిమిషాలు, తూర్పుకు 24–29 నిమిషాలు. ఎంఎస్‌సీ వాడుతున్న అంకెలే వాడటం మంచిది, లేకపోతే ఒక్కో సంస్థ ఒక్కో గీత గీసుకుని నడిసముద్రంలో గందరగోళం మొదలవుతుంది. ఓడ మీద దీనికి పట్టే శ్రమ ఎంత? ప్రయాణ పథకంలో రెండు మూడు మలుపు బిందువులు మార్చాలి, ఎలక్ట్రానిక్ చార్టులో పాత వరసకు హెచ్చరిక గీత పెట్టాలి. బంగాళాఖాతం నుంచి దిగే ఓడ అగ్రం దాకా వచ్చి తిరగకుండా, తూర్పున ఉండగానే అవసరమైన అక్షాంశానికి దిగిపోవాలి. ఆఖరి నిమిషంలో దిగితే ఎదురు వరసకు అడ్డం పోవాల్సి వస్తుంది. జాగ్రత్త పడాల్సిన చోటు అదొక్కటే. వారానికి పైగా సాగే విశాఖ–గల్ఫ్ ప్రయాణంలో ఒక గంట ఇంధనం దీని ఖరీదు. తన ఓడలను మళ్లించిన దేశం అడిగితే శ్రీలంక వినే తీరు వేరుగా ఉంటుంది.

ఒడ్డుకొచ్చిన శవం చెప్పే సాక్ష్యం

‘ఓడల వల్లే చస్తున్నాయనడానికి రుజువేది’ అనే ప్రశ్న ఈ చర్చలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ రుజువులో కొంత మన తీరాల్లోనే ఇసుకలో పూడిపోతోంది. 2023 జులై చివర్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి 25 అడుగుల తిమింగలం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని వార్తలు వచ్చాయి. నీలి తిమింగలం పిల్ల పుట్టేటప్పుడే ఏడు మీటర్లు, అంటే 23 అడుగులుంటుంది. అది నిజంగా నీలి తిమింగలమే అయితే తల్లి పాలు తాగే పసిది అయి ఉండాలి. అప్పుడు తల్లి ఏమైందన్నది అడగాల్సిన ప్రశ్న. కాకపోతే అది బ్రైడ్స్ తిమింగలం లాంటి వేరే జాతి. ఈ రెండూ ఒకటి కావు, చూసి తేల్చడమూ కష్టం కాదు. బ్రైడ్స్ తలపై మూడు గట్లు ఉంటాయి, నీలి తిమింగలానికి ఒకటే. నీలి తిమింగలం వీపు రెక్క ఒంటికి చాలా చిన్నది, బాగా వెనక్కి ఉంటుంది. నోట్లో వేలాడుతూ మేతను వడగట్టే బలీన్ పలకలు నల్లగా, ఒక్కో వైపు 260 నుంచి 400 దాకా ఉంటాయి. పొడవును ముక్కు కొస నుంచి తోక నడిమి చీలిక దాకా తిన్నగా కొలవాలి. ఒంటి వంపు వెంట టేపు వేస్తే కొలత పెరిగి లెక్క తప్పుతుంది.

కేంద్రం 2021లోనే సముద్ర పెద్ద జంతువులు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ఏం చేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. తీరంలో తరచూ జరిగేది వేరు. జనం ఫొటోలు దిగుతారు, వాసన మొదలవుతుంది, సాయంత్రానికి జేసీబీ వచ్చి గొయ్యి తీస్తుంది. అటవీ శాఖ వాళ్లను నేను తప్పుపట్టను, పదుల టన్నుల శవంతో ఏం చేయాలో శిక్షణ ఇచ్చినవాళ్లు లేరు. కానీ ఆ జేసీబీ అక్కడ ఉన్నప్పుడే శవాన్ని పరీక్షిస్తే పని అయిపోతుంది, రెండోసారి ఖర్చు పెట్టక్కర్లేదు.

ఓడ దెబ్బ రెండు రకాలు. ప్రొపెల్లర్ తగిలితే ఒకదాని పక్క ఒకటిగా సమాన దూరంలో లోతైన కోతలు పడతాయి, అవి ఎవరికైనా కనిపిస్తాయి. ముక్కు తగిలితే పైకి ఏమీ కనిపించకపోవచ్చు. చర్మం చెక్కుచెదరదు, లోపల దవడ, పుర్రె, వెన్నుపూసలు విరిగి ఉంటాయి. అందుకే పైనుంచి చూసి ‘గాయాలు లేవు, సహజ మరణం’ అని రాసేయడం ఈ కేసుల్లో పెద్ద తప్పు. జేసీబీతో కొవ్వు పొరను పలకలుగా లాగి కింది కండరం చూడాలి. రక్తం గడ్డకట్టి నల్లగా కమిలి ఉంటే బతికున్నప్పుడు తగిలిన దెబ్బ. ఎముక విరిగినా చుట్టూ కమిలిన జాడ లేకపోతే అది చచ్చాక తగిలినది కావచ్చు. ఇది చూడాలంటే శవం తాజాగా ఉండాలి. మన ఎండకు రెండు మూడు రోజులు దాటితే అంతా నల్లబడి తేడా తెలియదు. ఉబ్బిన శవాన్ని కోసేటప్పుడు పొట్ట మీద నిలబడకూడదు, పక్క నుంచి చిన్న గాటు పెట్టి వాయువు పోనివ్వాలి.

పూడ్చే లోపు తీసి దాచాల్సినవి తక్కువే. చిటికెడు చర్మం ఆల్కహాల్‌లో వేస్తే ఏ తెగదో జన్యు పరీక్ష చెబుతుంది. ఒమన్ పాట గుంపుదా, శ్రీలంక గుంపుదా అన్న ప్రశ్నకు జవాబు దొరికే మార్గాల్లో అదొకటి. అరచేయంత కొవ్వు రేకులో చుట్టి మంచులో పెడితే అందులో పేరుకున్న పురుగుమందుల లెక్క వస్తుంది. ఒకటి రెండు బలీన్ పలకలు కూడా తీసి ఉంచాలి. ఆఖరున చెవి గుబిలి. తిమింగలం చెవిలో మైనం ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకుంటుంది, సుమారు ఆరు నెలలకు ఒక పొర. కాలిఫోర్నియా తీరంలో 2007లో ఓడ దెబ్బకు చచ్చిన ఒక మగ నీలి తిమింగలం చెవి గుబిలిని పొరలుగా విడదీసి, దాని వయసుతో పాటు జీవితంలో ఎప్పుడెప్పుడు ఒత్తిడి హార్మోన్ పెరిగిందో, ఏ ఏడాది ఏ కాలుష్యం ఒంట్లో చేరిందో చదివారు. అది దొరకాలంటే పుర్రె వెనక చెవి నాళాన్ని ఓపికగా తెరవాలి. ఒక పశువైద్యుడికీ, ఇద్దరు సహాయకులకీ ఒక పూట పని.